గచ్చు పడని పెరడు

ఆ వేసవిలో మా అమ్మాయి బంతిని రింగులో తప్ప అన్నిచోట్లా వేసింది. బోర్డుకి కొట్టింది, స్తంభానికి కొట్టింది, ఒకసారి రిఫరీ వీపుకి కూడా కొట్టింది. ఆ చివరిది ఒక్కటే నాకు కాస్త నచ్చింది.

దాని వయసు పంతొమ్మిది. ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. వీధిలో అందరూ నిచ్చెన అని పిలుస్తారు. క్లబ్బు వాళ్ళ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో రెండేళ్ళుగా ఉంది. ఉంది అంటే, బెంచి మీద ఉంది. కిందటి సీజన్ మొత్తానికి దాని సంపాదన పదకొండు పాయింట్లు. అందులో రెండు, ఎవరో విసిరిన బంతి దీని తలకి తగిలి లోపల పడినవని గిట్టనివాళ్ళు అంటారు. ఆ రోజు నేను చూడ్డానికి వెళ్ళలేదు కాబట్టి వాదించలేను.

సీజన్ మొదలవడానికి ముందు రోజు నడుంనొప్పికి బామ్ కొనే నెపంతో నేను కోచ్ మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పగలంతా బస్టాండు ఎదుట మందుల షాపులో కౌంటరు దగ్గర ఉంటుంది, సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతుంది. ఆవిడ మాట కూడా మందుబిళ్ళ లాగే ఉంటుంది, చిన్నది, చేదుది.

"ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది మ్యాచులు," అంది బిళ్ళల అట్ట కత్తిరిస్తూ. "ఎనిమిదోది అయ్యాక పన్నెండుమందితో లిస్టు పెడతాను. ఇప్పుడు పదిహేనుమంది ఉన్నారు. వెనకాల చిన్నపిల్లలు వరస కట్టారు మేస్త్రీగారూ. ఈసారి బయటికి వెళ్ళినవాళ్ళకి మళ్ళీ చోటు దొరకదు."

"నిజం చెప్పండి మేడం. మా దానికి ఇక వస్తుందా, రాదా?"

"పరుగుంది. బంతి చేతికి అతుక్కున్నట్టే ఉంటుంది. కష్టపడే గుణం గురించి చెప్పక్కర్లేదు. వెయ్యడం దగ్గరే వస్తోంది చిక్కంతా." కత్తెర పక్కన పెట్టి నావైపు చూసింది. "పంతొమ్మిదేళ్ళ పిల్లని పట్టుకుని నీకిక రాదు అని నేననను. వస్తుందని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు. బామ్ చిన్నదా, పెద్దదా?"

"చిన్నది," అన్నాను.

నాకైతే ఆ జవాబు ఎప్పుడో తెలుసు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను లేపి నిలబెట్టి, నీ బుర్ర ఇంతకంటే ఎదగదురా అన్నాడు. మర్నాటి నుంచి నేను బడికి వెళ్ళలేదు. అప్పట్నుంచి ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి గచ్చులు చేస్తున్నాను, టైల్సు పరుస్తున్నాను. నా బుర్ర ఆయన చెప్పిన చోటే ఆగిపోయిందో లేదో తెలీదు గాని, ఆయన మాట మాత్రం నాలో ఏడాదికేడాది ఎదుగుతూనే వచ్చింది. మనిషి ఎంతవరకో అంతవరకే అని నా లెక్క. టైల్సు షాపు యజమాని కౌంటరు దగ్గర నిలబడడానికి ఒక అమ్మాయి కావాలని రెండుసార్లు అడిగాడు. లిస్టు వచ్చేదాకా ఆగండి అన్నాను. పైకి అలా అన్నాను గాని, మనసులో దాన్ని ఆ కౌంటరు వెనక నిలబెట్టేశాను కూడా.

చిత్రమేమిటంటే ఇంట్లో అది అద్భుతంగా వేసేది.

రెండేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు వెనకగోడకి నేనే దానికి రింగు పెట్టాను. వెల్డింగతని చేత ఇనుపరింగు చేయించి, వెనక చెక్కబోర్డు బిగించి, గోడలోకి బోల్టులు దింపి సిమెంటు పెట్టేశాను. ఎత్తు పదడుగులు. లెవెల్ గొట్టం పట్టి మరీ చూశాను. పదిహేనడుగుల దూరంలో నేలలో ఇటుకలు పాతి ఎవరూ అడ్డురాకుండా నిలబడి వేసే ఫ్రీ త్రోలకి గీత కూడా పెట్టాను. నేల మాత్రం ఉత్త మట్టి. ఊరందరికీ గచ్చు చేసేవాడి పెరట్లో గచ్చు ఎందుకు లేదో, మా ఆవిడ వచ్చేపోయేవాళ్ళందరికీ ఓపిగ్గా వివరించేది. "ఈయనకి చెయ్యాలంటే ముందు ఎవరైనా అడ్వాన్సు ఇవ్వాలి," అనేది. "నేను ఇవ్వలేదు, అందుకని మట్టి."

క్లబ్బులో వారానికి రెండు సాయంత్రాలే ప్రాక్టీసు. పదిహేనుమందికి రెండు రింగులు. తలా పదిహేను, ఇరవై బంతులు కూడా దక్కవు. అందుకని అది నేర్చుకున్నదంతా మా పెరట్లోనే. మా అత్తయ్యగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, మా ఆవిడ కుట్టుపని డబ్బాలోంచి గుండీలు తీసుకుని లెక్కపెట్టేవారు. బంతి పడితే తెల్లగుండీ, పోతే నల్లగుండీ.

"పదికి ఎనిమిది అల్లుడుగారూ," అనేవారు నేను పనినుంచి రాగానే, ఆవిడే వేసినట్టు.

"ఇక్కడ పడితే ఏం లాభం అత్తయ్యా. అక్కడ పడాలి గాని."

"అయితే ఆ రింగు ఊడబెరికి అక్కడికి మోసుకెళ్ళండి. బలం ఉందిగా."

అక్కడ పడకపోవడానికి తలా ఒక కారణం చెప్పారు. సరిగ్గా తినకుండా వెళ్తోందని మా ఆవిడ. జనాన్ని చూసి బెదురుతోందని పక్కింటి ప్లంబరు. జనాన్నంతా నీళ్ళ పైపులనుకోమ్మా అని ఆయన సలహా కూడా ఇచ్చాడు. మొదటి ఆదివారం అలా అనుకుని చూసిందట. పైపులన్నీ ఒకేసారి ఈల వేశాయని చెప్పింది.

మూడో ఆదివారం నేను వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. ఆఖర్లో పది నిమిషాలున్నాయనగా మేడం దీన్ని లోపలికి పంపింది. వెళ్ళీ వెళ్ళగానే బంతి లాక్కుని, ఇద్దరిని తప్పించుకుని, గాలిలా దూసుకుపోయింది. అవతలి పిల్ల చెయ్యి పట్టి లాగింది. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు.

మా అమ్మాయి గీత దగ్గర నిలబడి, బంతిని మూడుసార్లు నేలకి కొట్టి, వేసింది. టంగుమని రింగు వెనకంచుకి తగిలి ఎగిరిపోయింది. రెండోది వేసింది. మళ్ళీ టంగుమంది, అదే చోట.

నా వెనక ఒక పెద్దబొజ్జాయన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. "అమ్మాయ్! ఆ రింగు నీకేం అపకారం చేసింది? పాపం వదిలెయ్!" అని అరిచాడు. చుట్టూ నవ్వులు.

నేను వెనక్కి తిరిగాను. "నువ్వెళ్ళి వెయ్యవయ్యా. ముందు ఆ బంతి నీకు కనబడుతుందో, బొజ్జ అడ్డమొస్తుందో చూద్దాం."

"నేను ఆటగాణ్ణి కాదుగా!"

"మరి నోరెందుకు ఆడిస్తున్నావు?"

వాళ్ళావిడ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ రోజు మా ఇంటి తరఫున గెలిచింది నేనొక్కణ్ణే.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద అది నా వెనక కూర్చుంది. మోకాళ్ళు రెండూ నాకు అటూ ఇటూ చేతుల్లా పొడుచుకొచ్చాయి.

"రెండూ వెనకంచుకే తగిలాయి నాన్నా."

"ఎక్కడ తగిలితే ఏంటి? పడలేదుగా."

"అది కాదు. నువ్వు చూశావా? కుడికి పోదు, ఎడమకి పోదు. సూటిగా వెళ్ళి అక్కడే తగులుతుంది. ప్రతిసారీ. కిందటేడూ అంతే."

నేను గేరు మార్చాను. "టైల్సు షాపాయన మళ్ళీ అడిగాడు."

"ఇంకా ఐదు ఆదివారాలున్నాయి," అంది.

"ఐదైనా, యాభైయైనా..."

"నాన్నా, నువ్విప్పుడు ఓదారుస్తున్నావా, తిడుతున్నావా?"

"బండి నడుపుతున్నాను," అన్నాను.

రెండు రోజుల తర్వాత నేనొక కొత్త ఇంట్లో పనిలో ఉన్నాను. బ్యాంకులో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి కట్టుకుంటున్న ఇల్లు. వడ్రంగి ముందురోజే తలుపులు బిగించి వెళ్ళాడు. పొద్దున్నే వచ్చిన ఇంటాయన ఒక్కో తలుపూ చూసి నామీద విరుచుకుపడ్డాడు.

"ఇదేంటి మేస్త్రీ, తలుపుల కింద ఇంత సందు? దొంగ తలుపు తియ్యక్కర్లేదు, పడుకుని దొర్లుకుంటూ వచ్చేస్తాడు! ఆ వడ్రంగికి కొలతలొచ్చా?"

ఏమీ తెలియనివాళ్ళకి తెలియజెప్పడం అంటే నాకు మహా సరదా. తాపీ పక్కన పెట్టి నెమ్మదిగా మొదలుపెట్టాను. "వడ్రంగి తప్పేమీ లేదు సార్. ఇంకా గచ్చు పడలేదుగా. గోడమీద ఆ నీలం గీత చూడండి. గచ్చు పడ్డాక నేల అక్కడిదాకా వస్తుంది, నాలుగంగుళాలు. మా పనిలో ఎవరైనా కొలత మొదలుపెట్టేది మట్టి మీంచి కాదు, ఆ గీత మీంచే. తలుపైనా, అలమరైనా, స్విచ్చైనా, గోడకి ఏది పెట్టినా ఆ గీత నుంచే..."

"ఆ గీత నుంచే?" అన్నాడాయన.

నేను తాపీ కడుక్కుని, ఒంట్లో బాగాలేదని చెప్పి బండి తీశాను.

టైల్సు పరిచేటప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు పోతే అది చేతి తప్పు. వరసంతా ఒక్కలాగే పోయిందంటే చేతిని అనుకోవడానికి లేదు, వరస సూటిగా రావడానికి కట్టిన దారమే తప్పు. పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసే సంగతి. దారి పొడుగునా అదే నా చెవుల్లో మోగింది. కుడికి పోదు, ఎడమకి పోదు. ప్రతిసారీ అక్కడే.

ఇంటికెళ్ళి పెరటిగోడ దగ్గర పేర్చిన పాత డబ్బాలు జరిపాను. నీలం గీత వెలిసిపోయి అక్కడే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు నేను గీసిందే. నెల తిరక్కుండా గచ్చు వేసేద్దామనుకున్న రోజులు. స్టూలెక్కి టేపు పట్టాను. గీత నుంచి రింగుకి సరిగ్గా పదడుగులు. మట్టి నుంచి గీతకి నాలుగంగుళాలు. నా కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. నేలే లేదు, అంతే.

"ఏం అల్లుడుగారూ, రింగేమైనా పెరిగిందా?" అన్నారు అత్తయ్యగారు కుర్చీలోంచి.

"లేదత్తయ్యా. నేల పెరగలేదు."

టేపు చుట్టేసి మెట్టు మీద కూర్చున్నాను. డబ్బాలు మళ్ళీ గోడకి జరిపేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలీదు. ఐదు ఆదివారాలు గడుస్తాయి, లిస్టు వస్తుంది, షాపులో చేరుతుంది, నా లెక్క నిజమవుతుంది. ఎంతవరకో అంతవరకే. అన్నేళ్ళు మోసిన లెక్కని వదలడం అంత తేలిక కాదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. అత్తయ్యగారు నన్నే చూస్తూ గుండీలు అటూ ఇటూ చేస్తున్నారు.

అమ్మాయి రాగానే టేపు దాని చేతిలో పెట్టాను.

"కొలువు."

"ఏంటి?"

"రింగు. నేల మీంచి."

దానికి స్టూలు అక్కర్లేదు, మునివేళ్ళ మీద నిలబడి టేపు పైకి తోసింది. "పదడుగుల నాలుగు."

"మళ్ళీ కొలువు."

"పదడుగుల నాలుగే నాన్నా. పదే కదా ఉండాలి?"

"నా కొలత సరైనదే. గచ్చు పడ్డాక ఉండాల్సిన మట్టం నుంచి పెట్టాను. ఇంకా..." అని ఆగాను. "లేదులే. తప్పు నాదే. నాలుగంగుళాలు పైకి వెయ్యడం అలవాటై, అక్కడ నీ బంతి ముందుకెళ్ళి వెనకంచుకి తగులుతోంది."

అది మట్టిలో కూలబడింది. తల మోకాళ్ళలో పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను చెయ్యి వెయ్యాలా వద్దా అని చూస్తుంటే, తల ఎత్తింది. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది.

"అంటే నేను రెండేళ్ళుగా లోకంలో ఎక్కడా లేని రింగులో పదికి ఎనిమిది వేస్తున్నానా? అమ్మమ్మా, విన్నావా?"

"విన్నాను. ఇన్నాళ్ళూ లెక్కపెట్టింది నేనేగా," అన్నారు అత్తయ్యగారు గర్వంగా.

"నువ్వు నాకు చెప్పకుండా గచ్చు వేసేసినా నేను కనిపెట్టలేకపోయేదాన్ని కదా నాన్నా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఎందుకు చెప్పావు?"

ఇంతలో మా ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చింది. విషయం విని, సంచీ కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది. నాకు తెలుసు, ఇక తప్పదని.

"ఈ ఇంట్లోకొచ్చిన మొదటిరోజు అడిగాను. రెండోరోజు అడిగాను. వానాకాలం బురదలో జారిపడి చెయ్యి వాచినప్పుడు అడిగాను. నామాట ఎవరు విన్నారు? ఇప్పుడు బంతి చెప్తే వింటున్నావా?"

"రింగు దించేస్తాలే. రెండు రోజులు గోడ కొట్టి..."

"రింగు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. నేలని పైకి తీసుకురా!"

అలా మా పెరటికి గచ్చు పడింది. ఊళ్ళో ఎందరి ఇళ్ళకో చేశాను గాని, ఇంత అజమాయిషీ ఎక్కడా చూడలేదు. నీళ్ళు ఎటు పారాలో మా ఆవిడ చెప్పింది. ఎక్కడ నున్నగా లేదో అత్తయ్యగారు కుర్చీలోంచి చెప్పారు. ప్లంబరు పిలవకుండానే వచ్చి, పిలిచినవాడికంటే ఎక్కువ మాట్లాడాడు. అమ్మాయి కంకర మోసింది. తట్ట దాని నెత్తిన ఉంటే అందుకోవడానికి నేనే మెట్టెక్కాల్సి వచ్చింది. కింద కాంక్రీటు, పైన నున్నటి పూత, కలిపి నాలుగంగుళాలు, సరిగ్గా నీలం గీత దాకా. తర్వాత వారం పాటు నీళ్ళు పట్టాం. ఆ వారం ఎవరూ దాని మీద బంతి కొట్టకుండా అత్తయ్యగారు కర్ర పట్టుకుని కాపలా కాశారు.

సంగతి విని కోచ్ మేడం మందుల షాపులో కొనేవాళ్ళ ముందే పడీపడీ నవ్విందట. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఏడో ఆదివారం దాకా నిన్ను ఆడించను. బెంచి మీద కూర్చో. ముందు చేతికున్న పాత అలవాటు పోవాలి," అందట.

పోవడం అంత సులువుగా జరగలేదు. కొత్త గచ్చు మీద మొదటి సాయంత్రం పదికి రెండు పడ్డాయి. మిగతావన్నీ వెనకంచుకే. తగ్గించి వేస్తే ముందంచుకి తగిలాయి. రెండోరోజు పదికి మూడు. గుండీల్లో నల్లవి అయిపోతే అత్తయ్యగారు గోధుమరంగువి కూడా నల్లవాటి కిందే జమకట్టారు.

"ఇంతకంటే ఆ మట్టే నయంగా ఉంది అల్లుడుగారూ," అన్నారు.

ఇంతకుముందైతే నేను కూడా అదే అనేవాణ్ణి. ఇప్పుడు పనినుంచి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా రింగు కింద నిలబడి బంతి అందించడం మొదలుపెట్టాను. "ఒక వేలు తక్కువ బలం," అనేవాణ్ణి. "వేలేంటి నాన్నా, నేనేమైనా సిమెంటు కలుపుతున్నానా?" అనేది. అయినా తగ్గించేది. పదికి నాలుగు. ఐదు. ఒకరోజు మళ్ళీ మూడు. తర్వాత ఆరు. ఏడో ఆదివారానికి ముందురోజు అత్తయ్యగారు అరచెయ్యి తెరిచి చూపించారు. ఏడు తెల్లగుండీలు.

ఏడో ఆదివారం మేడం దానికి ఐదు నిమిషాలిచ్చింది. రెండు బంతులు పడ్డాయి. ఎనిమిదో ఆదివారం సగం ఆట ఆడింది. అవతలి జట్టు మాకంటే అన్నివిధాలా పెద్దది, ఓడిపోతామని అందరికీ తెలుసు, ఓడిపోయాం కూడా. కాని ఆఖర్లో దీన్ని మళ్ళీ చెయ్యి పట్టి లాగారు. మళ్ళీ రెండు ఫ్రీ త్రోలు. ఆ గొడుగాయన ఆ రోజు కూడా వచ్చాడు. నేను వెనక్కి తిరిగి ఆయన వంక చూశాను. ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

మొదటిది పడింది. అంచుకి తగల్లేదు, వల మాత్రం ఒకసారి ఊగింది. రెండోది వేస్తుండగా నేను చూడలేదు. బూట్ల లేసు కట్టుకున్నాను. నాకు లేసుల్లేవు, చెప్పులు. మా ఆవిడ వీపు మీద చరిస్తే పడిందని తెలిసింది. ఆ రోజు దాని పాయింట్లు పదమూడు. కిందటేడాది మొత్తానికంటే రెండెక్కువ.

మర్నాడు సాయంత్రం మందుల షాపు గాజుతలుపు మీద లిస్టు అంటించారు. పేర్లు కాదు, చొక్కా నంబర్లు. దీని నంబరు పద్నాలుగు. మేడం ఎవరిని ముందు ఆడిస్తుందో ఆ వరసలో రాస్తుందని అమ్మాయి దారిలో చెప్పింది. బండి నిలిపేసరికి అది ముందు దూకి వెళ్ళిపోయింది. నేను జనంలోంచి దారి చేసుకుని తలుపు దగ్గరికి చేరాను.

నేను ఏ కాగితమైనా కింది నుంచే చదువుతాను. మనవాళ్ళుండేది అక్కడే. పన్నెండోది ఇరవై. పదకొండోది ఎనిమిది. పదోది పదిహేడు. తొమ్మిదోది కూడా కాదు. ఇక చదవలేదు. అది ఎక్కడ నిలబడి ఉందో చూసి, ఏం చెప్పాలో వెతుక్కుంటూ, టైల్సు షాపు కాకపోతే ఇంకోటి అనాలా, రేపు మాట్లాడుకుందాం అనాలా అనుకుంటూ వెనక్కి తిరిగాను.

అది నా భుజాలు రెండూ పట్టుకుని మళ్ళీ తలుపు వైపు తిప్పింది.

"పైన చూడు నాన్నా."

పైన చూశాను. నాలుగోది పద్నాలుగు.

ఒకటికి రెండుసార్లు చదివాను. తర్వాత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. కౌంటరు వెనక మేడం నన్ను చూసి, "బామ్ చిన్నదా, పెద్దదా?" అంది.

"బామ్ సంగతి తర్వాత," అన్నాను. "మా అమ్మాయి మూడోది ఎందుకు కాలేదో ముందు అది చెప్పండి."